పనిని బట్టే... పీసీ!

బిల్లు మీద కనిపించేదే కంప్యూటర్ ధర కాదు. నెలనెలా కరెంటు ఖర్చు, రిపేరు కోసం తిరిగే బస్సు చార్జీలు, పోగొట్టుకున్న ఫైళ్ల విలువ... ఇవన్నీ కలిపితేనే అసలు ధర. కామారెడ్డి, ఎల్లారెడ్డి లాంటి పట్టణాల్లో ఉన్నవాళ్లు తక్కువ ఖర్చుతో ఎక్కువకాలం మన్నే డెస్క్‌టాప్‌ను, చిన్న సర్వర్‌ను, అవసరమైతే ఓ క్లస్టర్‌ను సమకూర్చుకోవడం ఎలా?

'మంచి కంప్యూటర్ ఒకటి కావాలి. ఎంతవుతుంది?'

షాపు మెట్లెక్కగానే చాలామంది అడిగేది ఇదే. అనుభవమున్న షాపతను వెంటనే ధర చెప్పడు. 'ఏం పనికి సార్?' అని ఎదురు ప్రశ్న వేస్తాడు. ఆ ప్రశ్నకు జవాబును ఇంటి దగ్గరే సిద్ధం చేసుకుని వెళ్తే వేల రూపాయలు మిగులుతాయి. లేదంటే అవే వేలు అవసరంలేని భాగాల మీద ఖర్చయిపోతాయి.

బెల్లం వ్యాపారానికి పేరుపడిన కామారెడ్డినే తీసుకోండి. దుకాణంలో ట్యాలీ లెక్కలు రాసుకోవడానికి పీసీ కావాలి. శుభలేఖలు వేసే డీటీపీ సెంటర్‌కు అను ఫాంట్లు, పేజ్‌మేకర్ నడిచే పీసీ కావాలి. పెళ్లి ఆల్బమ్‌లు తయారుచేసే స్టూడియోకు ఫొటోషాప్ మొరాయించని పీసీ కావాలి. పోచారం ప్రాజెక్టు నీళ్లతో వరి పండించే ఎల్లారెడ్డి రైతు ఇంట్లో అమ్మాయికి ఇంజినీరింగ్ సీటొస్తే, ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికీ పీసీయే కావాలి. బయటికి అన్నీ ఒకేలాంటి నల్లడబ్బాలు. లోపల ఉండాల్సిన సరుకు మాత్రం వేరువేరు. ఎడ్లబండి సరిపోయేచోట లారీ కొనడం ఎంత దండగో, లారీ కావలసినచోట ఎడ్లబండి కొనడమూ అంతే దండగ.

ఇంకో సంగతి కూడా ఉంది. దూరం! హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఏ భాగం పాడైనా సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉండనే ఉంది. అక్కడ కంప్యూటర్ విడిభాగాల దుకాణాలు వరసగా ఉంటాయి. కామారెడ్డి నుంచి రైల్లో వెళ్లొచ్చుగానీ నూరు కిలోమీటర్ల పైమాటే. ఎల్లారెడ్డికైతే రైలే లేదు. ముందు సుమారు నలభై కిలోమీటర్లు బస్సులో ప్రయాణించి కామారెడ్డి చేరుకోవాలి. ఒక చిన్న భాగం పాడైనా పోయేది దాని ధర ఒక్కటే కాదు, ఆ రోజు పని కూడా. అందుకే ఇలాంటి ఊళ్లలో 'చవక' అన్నమాటకు అర్థం వేరు. తక్కువకు దొరికింది కాదు... పాడైతే దగ్గర్లోనే బాగయ్యేది చవక!

రూపాయి ఎక్కడ పెట్టాలి?

భాగాలు విడివిడిగా ఎంచుకుని కట్టించుకునే పీసీని 'అసెంబుల్డ్' అంటాం. దీంతో పెద్ద లాభం ఒకటుంది. దాదాపు ప్రతి భాగమూ అందరూ వాడే కొలతల్లోనే ఉంటుంది కాబట్టి ఏది పోయినా అదొక్కటే మార్చుకోవచ్చు. మరి ఉన్న డబ్బును ఏ భాగానికి ఎంత కేటాయించాలి?

మొదటి ఓటు ఎస్‌ఎస్‌డీకే. పాతకాలం హార్డ్‌డిస్క్‌లో పళ్లెం గిర్రున తిరుగుతుంటే, ఒక ముల్లు దాని మీద కావలసిన చోటు వెతుక్కుంటుంది. చెల్లాచెదురుగా ఉన్న సమాచారాన్ని సెకనుకు వంద, రెండొందలసార్లకు మించి అందుకోలేదు. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే ఉండదు. అదే పనిని సెకనుకు వేల, పదివేలసార్లు చేస్తుంది. మీట నొక్కి టీ తాగొచ్చేలోపు తెరుచుకునే పీసీకి, కుర్చీలో కూర్చునేలోపు తెరుచుకునే పీసీకి చాలావరకూ తేడా ఇదే. ఏళ్లనాటి పాత పీసీకైనా ఎస్‌ఎస్‌డీ ఒక్కటి మార్పిస్తే కొత్త ఊపిరి పోసినట్లవుతుంది.

రెండోది ర్యామ్. ట్యాలీ, టైపింగ్, ఇంటర్నెట్ వరకైతే 8 జీబీ చాలు. ఫొటో ఆల్బమ్‌లకు, ప్రోగ్రామింగ్‌కు 16 జీబీ ఉండాలి. కృత్రిమమేధ కోసం కట్టే డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను భారీగా కొనేస్తుండటంతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. కాబట్టి 'ఎందుకైనా మంచిది' అని 32 జీబీ వేయించుకునే ముందు ఒకసారి ఆలోచించాలి. మదర్‌బోర్డు మీద ఒక స్లాట్ ఖాళీగా ఉంచుకుంటే అవసరం వచ్చినప్పుడు అదే రకం మరోటి జత చేసుకోవచ్చు. జత పడితే రెండు దారుల్లో సమాచారం నడుస్తుంది కాబట్టి వేగమూ పెరుగుతుంది.

మూడోది చాలామంది పట్టించుకోనిది... ఎస్‌ఎంపీఎస్. గోడలోంచి వచ్చే కరెంటును పీసీ భాగాలకు తగ్గట్టు మార్చి ఇచ్చే పెట్టె ఇది. క్యాబినెట్‌తోపాటు 'ఫ్రీ'గా వచ్చే నాసిరకం పెట్టె పేలితే ఒక్కోసారి తనతోపాటు మదర్‌బోర్డునూ తీసుకుపోతుంది. ఎస్‌ఎంపీఎస్ మీద '80 ప్లస్' అన్న గుర్తు ఉందో లేదో చూడండి. 2004లో మొదలైన ఈ గుర్తింపు ఉంటే, తీసుకున్న కరెంటులో కనీసం 80 శాతాన్ని భాగాలకు అందిస్తుందని అర్థం. లోపలి భాగాలకు 100 వాట్లు కావాలంటే గోడ నుంచి 125 వాట్లకు మించి లాగదు. మిగతావి వేడిగా మారి వృథాగా పోయేది ఎంత తక్కువైతే పెట్టె అంత ఎక్కువకాలం బతుకుతుంది.

ప్రాసెసర్ వంతు ఆ తరవాతే. ఇంటి పనులకు, దుకాణం లెక్కలకు ఇటీవలి తరం ఐ3 లేదా దానికి సాటివచ్చే రైజెన్ చాలు. ఒక్క అక్షరం విషయంలో మాత్రం జాగ్రత్తపడాలి. ఇంటెల్ మోడల్ చివర 'ఎఫ్' ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు. ఐ3-12100 కన్నా ఐ3-12100ఎఫ్ చవగ్గా దొరుకుతుందని కొంటే, తెర మీద బొమ్మ రావడానికి విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనాల్సిందే. ఏఎమ్‌డీలో దీనికి తిరకాసుగా ఉంటుంది. రైజెన్ 5 5600లో గ్రాఫిక్స్ ఉండదు, 5600జీలో ఉంటుంది. ఒక్క అక్షరం చూసుకోకపోతే మిగిలిందనుకున్న డబ్బుకు రెండింతలు వదులుతుంది.

ఐ7 అనగానే మురిసిపోవద్దు

'ఐ7 పీసీ... ఇంత తక్కువకే!' అన్న బోర్డు కనిపిస్తే ఆగి ఒక ప్రశ్న అడగాలి. 'ఏ తరం?' అని. మోడల్ నంబరులోనే జవాబు ఉంటుంది. ఐ5-6500 అంటే ఆరోతరం. ఐ5-8500 అంటే ఎనిమిదో తరం. ఐ5-12400 అంటే పన్నెండో తరం. 2012లో వచ్చిన ఐ7-3770లో నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. 2022లో వచ్చిన ఐ3-12100లోనూ సరిగ్గా అన్నే. పనిలో మాత్రం తమ్ముడైన ఐ3యే ఆ పాత అన్నను చాలా వెనక్కి నెట్టేస్తుంది. స్టిక్కర్ మీది అంకె ఒక్కటే చూసి డబ్బిస్తే పదేళ్ల కిందటి సరుకు ఇంటికొస్తుంది.

పాతది కొనకూడదా?

కొనొచ్చు. తెలిసి కొంటే మంచిదే. కార్పొరేట్ ఆఫీసులు కొన్నేళ్లు వాడి తీసేసిన డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ లాంటివి 'రీఫర్బిష్డ్' పేరుతో వస్తుంటాయి. తయారీ నాణ్యత గట్టిది. అయితే ఇక్కడ మూడు మెలికలున్నాయి.

మొదటిది విండోస్. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో కనీసం ఎనిమిదో తరం, ఏఎమ్‌డీలో రైజెన్ 2000 వరస నుంచి ఉండాలి. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటూ ఉండాలి. దాంతో ఆరు, ఏడో తరం పీసీలు మార్కెట్లోకి ఇంకా ఎక్కువగా వస్తున్నాయి. బ్యాంకు లావాదేవీలు, మీసేవ పనులు చేసేవాళ్లు భద్రతా అప్‌డేట్లు రాని పీసీని తీసుకోకపోవడమే మంచిది. లినక్స్ వేసుకుని వాడుకునేవాళ్లకు మాత్రం ఇవి వరమే.

రెండోది విడిభాగాలు. బ్రాండెడ్ పీసీల్లో చాలావాటి ఎస్‌ఎంపీఎస్ ఆకారం వేరు, మదర్‌బోర్డుకు తగిలించే ప్లగ్గు వేరు. అది పోతే పక్కషాపులో దొరికే మామూలు ఎస్‌ఎంపీఎస్ అందులో పట్టదు. ఎల్లారెడ్డిలో కూర్చుని ఆ ప్రత్యేక భాగం కోసం ఎదురుచూడటమంటే పని ఆగిపోవడమే. కొనేటప్పుడే 'దీని ఎస్‌ఎంపీఎస్ మీ దగ్గర దొరుకుతుందా?' అని అడగాలి.

మూడోది డిస్కు వయసు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో డిస్కు ఎన్ని గంటలు నడిచిందో షాపులోనే చూడొచ్చు. ఏడాదికి 8,760 గంటలు. 40,000 అని చూపిస్తే, రాత్రింబవళ్లు నాలుగున్నరేళ్లు తిరిగిన డిస్కన్నమాట. ర్యామ్‌ను మెమ్‌టెస్ట్86తో పరీక్షించమనాలి. పాత గ్రాఫిక్స్ కార్డుల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. 2022 సెప్టెంబరులో ఈథీరియం క్రిప్టో కరెన్సీ మైనింగ్ పద్ధతిని వదిలేశాక, అప్పటిదాకా రాత్రింబవళ్లు పనిచేసిన కార్డులు పెద్దఎత్తున పాతసరుకుగా మార్కెట్లోకి వచ్చాయి.

ఎర్తు లేకపోతే అనర్థం

వేసవి సాయంత్రం గాలిదుమారం, ఆ వెంటే కరెంటు కోత... ఇది ఊళ్లవాళ్లకు కొత్త కాదు. అందుకే పీసీ బడ్జెట్‌లో యూపీఎస్‌ను విడదీయరాని భాగంగా చూడాలి. డబ్బా మీద '600 వీఏ' అని ఉంటే 600 వాట్లు అనుకోవద్దు. అలాంటి వాటిల్లో చాలావరకూ మోసేది 360 వాట్లే. మామూలు పీసీని ఫైలు సేవ్ చేసి, పద్ధతిగా ఆపుకోవడానికి అది చాలు. లేజర్ ప్రింటర్‌ను మాత్రం యూపీఎస్‌కు తగిలించకూడదు. అది వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా లాగే కరెంటును చిన్న యూపీఎస్ తట్టుకోలేదు.

పీసీ డబ్బాను ముట్టుకుంటే సన్నగా జివ్వుమంటోందా? ఎర్తింగ్ సరిగా లేదన్నమాటే. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య వోల్టేజీ చూపించాలి. అది రెండు మూడు వోల్టులకు మించి ఉంటే వైరింగ్‌ను సరిచేయించాకే పీసీ పెట్టాలి. ఎంత ఖరీదైన మదర్‌బోర్డయినా పాడైన ఎర్తింగ్ ముందు దిగదుడుపే.

ఒక్క పీసీతో క్లాసంతా!

విద్యార్థికొక పీసీ కొనే స్తోమత లేని బడి ఏం చేయాలి? దీనికి జవాబు మన దగ్గరే, అదీ చాలా పెద్దఎత్తున అమలైంది.

2008లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 5,000 ప్రభుత్వ పాఠశాలల్లో కంప్యూటర్ విద్యకు పూనుకుంది. అందుకు ఎన్‌కంప్యూటింగ్ సంస్థ పరికరాలను ఎంచుకున్నారు. లక్ష్యం 50,000 సీట్లు. అంటే సగటున బడికి పది. ప్రయోజనం పొందే విద్యార్థులు దాదాపు 18 లక్షలని అప్పట్లో ప్రకటించారు. కామారెడ్డి, ఎల్లారెడ్డి అప్పుడు నిజామాబాద్ జిల్లాలో ఉండేవి. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లాగా ఏర్పడింది.

ఆ ఏర్పాటులోని కిటుకు చాలా తేలికైంది. టైప్ చేసే పిల్లవాడికి, బొమ్మ గీసే పిల్లవాడికి ప్రాసెసర్ శక్తిలో కావలసింది ఆవగింజంతే. మిగతాదంతా ఖాళీగా కూర్చుంటుంది. ఆ ఖాళీని పంచితే? ఒకే పీసీకి కార్డు అమర్చి, దాని నుంచి తీగలు లాగి, ఒక్కో తీగ చివర పుస్తకమంత చిన్న పెట్టె పెడతారు. ఆ పెట్టెకు ఒక మానిటర్, ఒక కీబోర్డు, ఒక మౌస్. పిల్లలు నలుగురైదుగురు వేర్వేరు తెరల ముందు కూర్చున్నా పనిచేసేది ఒక్క పీసీయే. కొనుగోలు ఖర్చూ తగ్గుతుంది, కరెంటూ ఆదా అవుతుంది.

ఇదే పనిని ఇప్పుడు ఉచిత సాఫ్ట్‌వేర్‌తోనూ చేసుకోవచ్చు. లినక్స్ టెర్మినల్ సర్వర్ ప్రాజెక్టు 1999 నుంచి ఉంది. దీనికి ఒక మంచి పీసీని సర్వర్‌గా పెట్టాలి. 16 నుంచి 32 జీబీ ర్యామ్, ఒక ఎస్‌ఎస్‌డీ, గిగాబిట్ నెట్‌వర్క్ ఉంటే సరి. విండోస్ 11కు పనికిరావని మూలన పడేసిన ల్యాబ్ పీసీలే టెర్మినళ్లవుతాయి. వాటిలో డిస్కు కూడా అక్కర్లేదు. నెట్‌వర్క్ మీదుగా సర్వర్ నుంచే తెరుచుకుంటాయి.

అయితే లాభం ఉన్నచోటే నష్టమూ ఉంది. సర్వర్ పడుకుంటే క్లాసంతా పడుకుంటుంది. కాబట్టి మిగిల్చిన డబ్బులోంచే ఒక ఎస్‌ఎంపీఎస్‌ను, సాఫ్ట్‌వేర్ నకలు ఎక్కించిన ఒక ఎస్‌ఎస్‌డీని అదనంగా కొని బీరువాలో పెట్టుకోవాలి. వాటిని మార్చడం తెలిసిన ఉపాధ్యాయుడు బడిలో ఒక్కరైనా ఉండాలి. మెషీన్ కొనడం ఒకరోజు పని, దాన్ని నడపడం రోజూ పని.

సర్వర్ అంటే భయమెందుకు?

'సర్వర్' అనగానే చల్లటి గదిలో బీరువాల్లా నిలబెట్టిన యంత్రాలు గుర్తొస్తాయి. నిజానికి నలుగురికీ అడిగిన ఫైలు అందించే ఏ పీసీ అయినా సర్వరే. దుకాణంలో మూడు కౌంటర్ల లెక్కలు ఒకచోట చేరాలన్నా, స్టూడియోలోని ఆల్బమ్‌లు ఇద్దరు డిజైనర్లకూ అందుబాటులో ఉండాలన్నా ఇంటి పీసీలాంటిదే సరిపోతుంది.

పాత ర్యాక్ సర్వర్లు చౌకగా దొరుకుతున్నాయని మాత్రం మోజుపడొద్దు. వాటి ఫ్యాన్ల రొద మిక్సీని తలపిస్తుంది. ఖాళీగా ఉన్నా కరెంటును గట్టిగానే తాగుతాయి. సర్వర్ రాత్రింబవళ్లు నడుస్తుంది కాబట్టి ఇక్కడ వాట్ల లెక్క ముఖ్యం. ఊరకే ఉన్నప్పుడు 60 వాట్లు తీసుకునే పాత పీసీ నెలకు సుమారు 43 యూనిట్లు కాలుస్తుంది. అరచేతి వెడల్పున్న మినీ పీసీ 10 వాట్లతో నడిస్తే నెలకు 7 యూనిట్లే. యూనిట్ 6 రూపాయలనుకుంటే తేడా నెలకు 216 రూపాయలు. ఐదేళ్లలో దాదాపు 13 వేలు! 'ఊరికే వచ్చిన' పాత పీసీ అసలు ధర అదన్నమాట.

సర్వర్ ర్యామ్‌లో ఈసీసీ అనే రకం ఉంది. మెమరీలో దొర్లే చిన్న తప్పును తనే పట్టుకుని దిద్దుకుంటుంది. గూగుల్ తన సర్వర్ల మీద చేయించి 2009లో వెలువరించిన అధ్యయనంలో ఏడాదికి 8 శాతానికి పైగా మెమరీ కడ్డీల్లో ఇలాంటి తప్పులు కనిపించాయి. ఆసుపత్రి రికార్డులు, కాలేజీ మార్కుల లాంటివి దాచే సర్వర్‌కు ఈసీసీ కోసం కొంచెం ఎక్కువ పెట్టడం సబబే. ఆల్బమ్‌లు పంచుకునే స్టూడియోకు అంత అవసరం రాకపోవచ్చు.

అందరికీ అవసరమైంది ఒకటుంది... నకలు. రెండు డిస్కులు పెట్టి, ఒకదానిలో రాసింది రెండోదానిలోనూ పడేలా చేసే ఏర్పాటు మంచిదే. ఒక డిస్కు పోయినా పని ఆగదు. కానీ పొరపాటున ఫైలు చెరిపేస్తే అది రెండింట్లోనూ చెరిగిపోతుంది. వైరస్ వచ్చినా అంతే. కాబట్టి దాన్నే నకలనుకోకూడదు. పెద్దలు చెప్పే సూత్రం 3-2-1. మూడు ప్రతులు ఉండాలి, రెండు రకాల పరికరాల్లో ఉండాలి, ఒకటి వేరే ఊళ్లో ఉండాలి.

'వేరే ఊరు' ఎందుకన్నది ఇక్కడివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2025 ఆగస్టు ఆఖరులో కురిసిన కుండపోతకు కామారెడ్డి జిల్లా అతలాకుతలమైంది. కాలనీల్లోకి నీళ్లొచ్చాయి, రోడ్లు తెగిపోయాయి. అలాంటి రోజున గచ్చు మీద పెట్టిన పీసీ గతేమిటి? బీరువా అడుగు అరలో దాచిన నకలు డిస్కు గతేమిటి? డిస్కు పోతే మళ్లీ కొనుక్కోవచ్చు. పెళ్లి ఫొటోలను, పదేళ్ల పద్దులను మళ్లీ కొనలేం. పీసీని నేలకు ఎత్తుగా పెట్టాలి. ఒక నకలును వారానికోసారి పైఅంతస్తుకు చేర్చాలి. మరో నకలును హైదరాబాద్‌లోని బంధువుల ఇంట్లోనో, క్లౌడ్‌లోనో ఉంచాలి. ఒకే వాన రెండుచోట్లా పడకూడదు, అంతే లెక్క.

పదహారుమంది కలిస్తే...

ఇక క్లస్టర్. ఒక పీసీకి మించిన పనిని పది పీసీలకు పంచి, అవన్నీ ఒకే యంత్రంలా పనిచేసేలా చేయడం. ఇంజినీరింగ్ విద్యార్థులు ఎక్కువగా ముచ్చటపడేది దీని మీదే. దీని కథ కూడా పేదవాడి తెలివితేటల కథే.

1994లో నాసా గొడార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ అనే ఇద్దరు 16 మామూలు పీసీలను నెట్‌వర్క్ తీగలతో కలిపి, లినక్స్ వేసి నడిపించారు. అందులో వాడినవన్నీ బజార్లో దొరికే 486 ప్రాసెసర్లే. దానికి 'బీవుల్ఫ్' అని పేరుపెట్టారు. మనకు భీముడెలాగో పాత ఇంగ్లిష్ కావ్యంలో ఆ వీరుడు అలాగ. కోట్లు పోసి ప్రత్యేక యంత్రం కొనకుండానే పెద్ద లెక్కలు చేయొచ్చని అది నిరూపించింది. చిన్న ప్రాసెసర్లను కలిపి పెద్దపని చేయించే దారిని మనదేశం అంతకుముందే తొక్కింది. విదేశీ సూపర్ కంప్యూటర్ కోరిన రీతిలో దొరకకపోవడంతో 1988లో పుణెలో సీడాక్‌ను నెలకొల్పారు. విజయ్ భట్కర్ నాయకత్వంలో 1991 నాటికి పరమ్ 8000 తయారైంది.

2003లో అమెరికాలోని వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయం 1,100 ఆపిల్ డెస్క్‌టాప్‌లను కలిపి ప్రపంచంలోనే మూడో వేగవంతమైన కంప్యూటర్‌ను కట్టింది. ఖర్చు సుమారు 52 లక్షల డాలర్లు. అప్పటికి మొదటిస్థానంలో ఉన్న జపాన్ యంత్రానికైన ఖర్చు కొన్ని పదుల కోట్ల డాలర్లు!

మరి కామారెడ్డి కాలేజీ పాత ల్యాబ్ పీసీలను కలిపితే సూపర్ కంప్యూటర్ అయిపోతుందా? ఇక్కడే నిజం మాట్లాడుకోవాలి.

నాట్లనే ఉదాహరణగా తీసుకోండి. ఒక మడికి పదహారుమంది కూలీలొచ్చారు. కానీ నారు పీకి అందించే మనిషి ఒక్కడే. అతను అందించేదాకా పదహారుమందీ నడుం మీద చేతులేసుకుని నిలబడాల్సిందే. క్లస్టర్‌లోనూ ఇంతే. 1967లో జీన్ ఆమ్‌డాల్ చెప్పిన సూత్రం ఇదే. పనిలో పదోవంతు పంచడానికి వీల్లేనిదైతే, పదహారు పీసీలు పెట్టినా వేగం 6.4 రెట్లే పెరుగుతుంది. వెయ్యి పీసీలు పెట్టినా పది రెట్లు దాటదు. పైగా పీసీల మధ్య తీగ చాలా ఇరుకు. పీసీ లోపల ర్యామ్ నుంచి ప్రాసెసర్‌కు సమాచారం వెళ్లే దారితో పోలిస్తే గిగాబిట్ నెట్‌వర్క్ దారి దాదాపు నాలుగొందల వంతు.

కాబట్టి ఏ పనులకు క్లస్టర్ పనికొస్తుందో తెలుసుకోవాలి. యానిమేషన్‌లో ఒక్కో ఫ్రేమును ఒక్కో పీసీకి పంచొచ్చు. వేల ఫొటోల సైజు తగ్గించే పనినీ పంచొచ్చు. ట్యాలీ, ఫొటోషాప్, ఆటలు మాత్రం క్లస్టర్ మీద ఒక్క క్షణం కూడా ముందుకు జరగవు.

ఖర్చు లెక్క కూడా చూడండి. ఆరోతరం ఐ5 పీసీలు ఎనిమిది కలిసి చేసే పనిని దాదాపు 16 కోర్ల రైజెన్ 9 పీసీ ఒక్కటే చేసేస్తుంది. ఎనిమిది డబ్బాలకు కరెంటు, యూపీఎస్, చోటు, వేడి... ఇవన్నీ కలిపితే కొత్తదే చవక. పాత పీసీల క్లస్టర్ నేర్చుకోవడానికి గొప్ప బడి. డబ్బు మిగిల్చే దారి మాత్రం కాదు. నేర్చుకోవడమే లక్ష్యమైతే అసలు ఎనిమిది డబ్బాలూ అక్కర్లేదు. 16 నుంచి 32 జీబీ ర్యామ్ ఉన్న ఒకే పీసీలో మూడునాలుగు 'వర్చువల్ మెషీన్లు' సృష్టించుకుని, వాటినే క్లస్టర్‌గా కలిపి సాధన చేయొచ్చు. అందులో నేర్చిన ఆదేశాలు పెద్ద క్లస్టర్ల మీదా పనికొస్తాయి. ఎందుకంటే ప్రపంచంలోని 500 అగ్రశ్రేణి సూపర్ కంప్యూటర్లూ 2017 నవంబరు నుంచి లినక్స్ మీదే నడుస్తున్నాయి.

చేత్తో పట్టుకుని చూడాలన్న సరదా ఉంటే రాస్ప్‌బెర్రీ పై ఉంది. 2012లో 35 డాలర్లకు వచ్చిన క్రెడిట్ కార్డంత కంప్యూటర్ ఇది. అదే ఏడాది బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ సైమన్ కాక్స్ బృందం 64 రాస్ప్‌బెర్రీలతో క్లస్టర్ కట్టింది. వాటిని నిలబెట్టిన అరలు లెగో ఇటుకలతో చేసినవి. ఆ పనిలో సాయపడింది ఆయన ఆరేళ్ల కొడుకు!

కాగితం మీద రాసుకుని వెళ్లండి

షాపుకు వెళ్లేముందు ఇంటిల్లిపాదీ కూర్చుని ఓ అరగంట మాట్లాడుకుంటే చాలు.

* ఈ పీసీతో రోజూ చేసే మూడు పనులేవి? ఏ సాఫ్ట్‌వేర్‌లు వాడతారు? పేజ్‌మేకర్ 7.0 లాంటి 2001 నాటి సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడేవాళ్లు కొత్త విండోస్‌లో అది నడుస్తుందో లేదో షాపులోనే చూపించమనాలి.

* రోజుకెన్ని గంటలు నడుస్తుంది? నాలుగు గంటలైతే కొనే ధర ముఖ్యం. ఇరవైనాలుగు గంటలైతే వాట్లు ముఖ్యం.

* పాడైతే ఎవరు బాగుచేస్తారు? ఆ భాగం కామారెడ్డిలో దొరుకుతుందా, సికింద్రాబాద్ వెళ్లాలా?

* వారంటీ కంపెనీదా, షాపుదా? జీఎస్టీ బిల్లు మీద ప్రతి భాగం మోడల్, సీరియల్ నంబరు రాయించుకోవాలి. బిల్లు లేకుండా తగ్గించే నాలుగు డబ్బులు రేపు వారంటీ కోసం వెళ్లినప్పుడు అక్కరకు రావు.

* బడ్జెట్‌లోంచి ముందే యూపీఎస్‌కు, నకలు డిస్కుకు పక్కన పెట్టారా? మిగిలినదాంతోనే పీసీ చూడాలి. వాటిని 'తరవాత కొందాంలే' అనుకున్నవాళ్లలో చాలామంది కొనేది ఫైళ్లు పోయాకే.

* ఏడాది తరవాత ఏం జతచేయాల్సి రావచ్చు? ర్యామ్‌కు ఒక స్లాట్, డిస్కుకు ఒక చోటు ఖాళీగా ఉన్నాయా?

కృత్రిమమేధ పాఠాల కోసం ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు కావాలని పిల్లలు పట్టుబడితే వెంటనే కాదనక్కర్లేదు, వెంటనే కొననూ అక్కర్లేదు. గూగుల్ కోలాబ్ లాంటి చోట్ల పరిమితంగానైనా ఉచితంగా సాధన చేసుకోవచ్చు. ఒక సెమిస్టర్ అక్కడ చేయనిచ్చి, అది చాలడం లేదని పనే చెప్పినప్పుడు కార్డు సంగతి చూడొచ్చు. ఈలోగా ఎస్‌ఎంపీఎస్‌ను కొంచెం పెద్దదే వేయించుకుంటే రేపు కార్డు వచ్చినా తట్టుకుంటుంది.